రీమేక్‌లో గ్రంథపాతాలు, పాఠభేదాలు: పోకెమాన్ సిన్నో ఆటలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వీడియో గేమ్ రీమేక్ అంటే పాత ఆటను కొత్త యంత్రంపై ఆడించే సాంకేతిక కార్యం మాత్రమే కాదు. పాత ఆటకు ఉన్న పలు ప్రతుల నుంచి ఒక పాఠాన్ని నిర్ణయించే పరిష్కరణ కూడా. 2021లో వెలువడిన పోకెమాన్ బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పర్ల్ ఆటలను ఆధారం చేసుకొని, మూలంలో వాడకుండా మిగిలిన భాగాన్నీ, ప్రాంతాలవారీ తేడాలనూ రీమేక్ ఎలా స్వీకరించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాడని భాగాన్ని వెలికితీసిన రీమేక్, ప్రాంతీయ పాఠభేదాన్ని మాత్రం ఆనవాలు లేకుండా తుడిచివేసింది. ఈ రెండు నిర్ణయాలకూ వివరణ ఇవ్వకపోవడమే ఇక్కడి విమర్శాంశం.

ముఖ్యపదాలు: రీమేక్, పాఠపరిష్కరణ, పాఠభేదం, గ్రంథపాతం, ప్రాంతీయ ప్రతి, పోకెమాన్

1. ఉపోద్ఘాతం

తెలుగు పాఠకునికి రీమేక్ అనే మాట సినిమా ద్వారా పరిచితం. ఒక భాషలో విజయం సాధించిన కథను మరో భాషలో, మరో తారాగణంతో తీయడం అక్కడి అర్థం. వీడియో ఆటల రంగంలో ఆ మాటకు అర్థం కొంత వేరు. ఒక సంస్థ తన పాత ఆటనే, అదే పేరును గుర్తుచేస్తూ, అదే కథతో, అదే పటంతో కొత్త యంత్రానికి తగినట్లు తిరిగి నిర్మించడాన్ని రీమేక్ అంటున్నారు. పాత యంత్రం అంగడిలో దొరకని కాలంలో కొత్తతరం ఆటగాళ్లకు మూలంగా అందేది రీమేకే. అందువల్ల రీమేక్‌ను మూలానికి అనుబంధంగా కాక, మూలం స్థానంలో నిలిచే పాఠంగా చూడవలసి ఉంటుంది.

ఇలా చూసినప్పుడు పాఠపరిష్కరణ శాస్త్రం ఉపకరిస్తుంది. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు సరిపోల్చి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఆ తర్వాతి పరిష్కర్తలు ఏ ప్రతిలో ఏ పాఠం ఉన్నదో, ఎక్కడ గ్రంథపాతం ఉన్నదో, ఏది ప్రక్షిప్తమో పీఠికల్లో, అధోజ్ఞాపికల్లో చెప్పడాన్ని విధిగా భావించారు. స్వీకరించని పాఠాన్ని కూడా పుట అడుగున నిలిపి ఉంచడం ఆ సంప్రదాయపు నీతి. వీడియో ఆటకు కూడా ప్రతులున్నాయి, పాఠభేదాలున్నాయి, గ్రంథపాతాలున్నాయి. అయితే వాటిని పరిష్కరించేవారు వివరణ ఇచ్చే ఆచారం ఇంకా ఏర్పడలేదు. ఈ లోటు ఎలాంటి ఫలితాన్నిస్తుందో ఒక్క ఉదాహరణతో నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పరిశీలనకు స్వీకరించిన ప్రతులు

పోకెమాన్ డైమండ్, పర్ల్ ఆటలు జపాన్‌లో 2006 సెప్టెంబర్ 28న నింటెండో డీఎస్ యంత్రం కోసం వెలువడ్డాయి. నిర్మాణం గేమ్ ఫ్రీక్ సంస్థది. చిత్రమైన జీవులను పట్టి, పెంచి, పోటీలకు దింపుతూ సాగే ఈ ఆటకు హొక్కైడో దీవిని నమూనాగా తీసుకొని కల్పించిన ‘సిన్నో’ రంగస్థలం. ఈ ఆటలు ఉత్తర అమెరికాలో 2007 ఏప్రిల్‌లో, ఐరోపాలో అదే ఏడాది జులైలో, దక్షిణ కొరియాలో 2008 ఫిబ్రవరిలో విడుదలయ్యాయి. 2008 సెప్టెంబర్‌లో ఇదే కథను విస్తరించిన ప్లాటినం జపాన్‌లో వచ్చింది. అది 2009లో ఇతర దేశాలకు చేరింది. అంటే మూడేళ్లలోపే సిన్నో కథకు పలు భాషల్లో, పలు ప్రాంతాల్లో, రెండు దశల పాఠాలు ఏర్పడ్డాయి.

వీటి రీమేక్‌లైన బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పర్ల్ 2021 నవంబర్ 19న నింటెండో స్విచ్ కోసం ప్రపంచవ్యాప్తంగా ఒకే రోజున వెలువడ్డాయి. నిర్మాణాన్ని ఇల్కా అనే మరో సంస్థ చేపట్టింది. ఆ సంస్థకు చెందిన యూయిచీ ఉఎదాతో కలిసి, మూల ఆటల దర్శకుడు జునిచీ మసుదా దర్శకత్వం వహించాడు. జపనీస్, ఇంగ్లీషు, కొరియన్, రెండు చైనీస్ లిపులు సహా తొమ్మిది భాషల్లో ఏ భాషలోనైనా ఆడగల ఒకే ప్రతి ఇది. ప్రాంతానికో ప్రతి స్థానంలో ప్రపంచానికంతటికీ ఒకే ప్రతి రావడం సౌకర్యమే. అయితే పాఠభేదానికి చోటులేని నిర్మాణం కూడా అదే.

3. వేణువు: పూరించిన గ్రంథపాతం

మామూలుగా ఆడేవారికి ఎన్నటికీ ఎదురుపడకపోయినా ఆట దత్తాంశంలో నిలిచి ఉన్న భాగాన్ని ‘వాడని భాగం’ అనవచ్చు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది నిర్మాణ దశలో విడిచిపెట్టిన చిత్తు. రెండోది పూర్తిగా తయారై, విడుదలకు నోచుకోనిది. మొదటిది రచయిత కొట్టివేసిన పంక్తి వంటిది, రెండోది అచ్చయ్యాక అతికించి మూసిన పుట వంటిది.

డైమండ్, పర్ల్ ఆటల్లోని ‘అజూర్ ఫ్లూట్’ రెండో రకానికి ప్రసిద్ధ ఉదాహరణ. సిన్నో పురాణంలో సృష్టికర్తగా చెప్పే జీవి ఆర్కియస్. పర్వతశిఖరాన ఉన్న శిథిలాలయంలో ఈ వేణువును ఊదితే ఆకాశానికి మెట్లు ఏర్పడతాయి, వాటి చివర ఆర్కియస్ ఎదురవుతుంది. వేణువు పేరు, సన్నివేశం, మెట్లు, చివరి మందిరం అన్నీ విడుదలైన ప్రతిలోనే ఉన్నాయి. వేణువును మాత్రం సంస్థ ఎవరికీ పంచలేదు. 2009లో ఆర్కియస్ చలనచిత్రం వచ్చిన సందర్భంలో ఆ జీవినే నేరుగా కానుకగా ఇచ్చారు. కథలో జీవితోపాటు రావలసిన మెట్లు, మందిరం, సంగీతం మూసిన పుటల్లోనే ఉండిపోయాయి.

ఈ వేణువు పేరులోనే ఒక పాఠభేదం ఉంది. జపనీస్ పేరు ‘తెన్‌కై నో ఫూఎ’ విన్నవారికి ‘దివ్యలోకపు వేణువు’ అనే అర్థం స్ఫురిస్తుంది. ఇంగ్లీషు పేరు దానిని ఆకాశనీలపు వేణువుగా మార్చింది. జపనీస్ పేరు వేణువు చేర్చే గమ్యాన్ని చెబుతుంది, ఇంగ్లీషు పేరు దాని వర్ణాన్ని చెబుతుంది. సృష్టికర్త వద్దకు మెట్లు వేసే వస్తువు విషయంలో ఇది చిన్న తేడా కాదు. ఒకే ప్రతిలో తొమ్మిది భాషలున్నా, ఈ భేదాన్ని పక్కపక్కన చూపే ఏర్పాటు రీమేక్‌లో లేదు. భాష మార్చుకొని చూసే ఆటగాడే దానిని గుర్తించగలడు.

మూసిన పుటల వద్దకు ఆటగాళ్లు దొడ్డిదారిన వెళ్లిన చరిత్ర కూడా ఉంది. జపాన్ తొలి ప్రతిలో, కథాంతంలో ఎదురయ్యే నలుగురు యోధులలో మొదటివాని గది తలుపు దగ్గర నీటిపై ప్రయాణించే ‘సర్ఫ్’ విద్యను ప్రయోగిస్తే, పాత్ర గోడ దాటి నల్లని శూన్యంలో పడేది. అడుగులు లెక్కపెట్టుకొంటూ ఆ శూన్యంలో నడిచినవారు డార్క్‌రాయ్, షేమిన్ అనే జీవులు దాగిన చోట్లకు చేరగలిగారు. తర్వాతి ఇతర భాషల ప్రతుల్లో ఈ ద్వారం మూసుకుపోయింది. ఒకే వాడని భాగం ఒక ప్రాంతంలో లోపం వల్ల అందుబాటులోకి రావడం, మరో ప్రాంతంలో ఆ లోపం దిద్దడం వల్ల దూరం కావడం గమనార్హం. వాడని భాగాన్నీ ప్రాంతీయ భేదాన్నీ విడివిడిగా చర్చించలేమనడానికి ఇది నిదర్శనం.

2022 ఫిబ్రవరిలో వెలువడిన నవీకరణతో రీమేక్ ఈ వేణువును అధికారికంగా అందించింది. పదిహేనేళ్ల గ్రంథపాతం పూరణ అయినందుకు అభిమానులు సహజంగానే సంతోషించారు. ఆ పూరణకు పెట్టిన నిబంధనను మాత్రం విమర్శకుడు గమనించాలి. వేణువు దొరకాలంటే 2022 జనవరి 28న విడుదలైన లెజెండ్స్: ఆర్కియస్ అనే మరో ఆటను ఆడి, అందులోని ప్రధాన కార్యాలన్నీ పూర్తిచేసిన గుర్తు అదే యంత్రంలో ఉండాలి. పాత పుట తెరుచుకొంది కాని, దాని తాళంచెవి మరో పుస్తకంలో ఉంది.

డార్క్‌రాయ్, షేమిన్‌ల విషయంలో పరిస్థితి మరింత స్పష్టం. వాటి చోట్లకు దారిచూపే వస్తువులను రీమేక్‌లో అంతర్జాల కానుకలుగా ఇచ్చారు. షేమిన్‌కు సంబంధించినది 2022 ఫిబ్రవరి చివరి నుంచి మార్చి చివరి వరకు, డార్క్‌రాయ్‌కి సంబంధించినది అదే ఏడాది ఏప్రిల్‌లో. ఆ గడువులు దాటాక ఆటను కొన్నవారికి ఆ కథాభాగాలు మళ్లీ మూసిన పుటలే. మూలంలోని గ్రంథపాతాన్ని పూరించిన రీమేక్, గడువు ముగియగానే అదే గ్రంథపాతాన్ని తన ప్రతిలోనూ సృష్టించింది.

4. నాణేల గది: ప్రాంతానికో పాఠం

సిన్నోలోని వేల్‌స్టోన్ నగరంలో ‘గేమ్ కార్నర్’ అనే గది ఉండేది. నాణేలు కొని, స్లాట్ యంత్రంలో వేసి, గెలిచినవాటితో బహుమతులు పొందడం అక్కడి ఆట. నిజమైన డబ్బు ప్రమేయం లేకపోయినా జూదపు రూపం స్పష్టంగానే ఉంది. జపాన్, ఉత్తర అమెరికా, ఐరోపాల డైమండ్, పర్ల్ ప్రతుల్లో ఈ యంత్రాలు పనిచేశాయి. 2008 నాటి కొరియన్ ప్రతిలో స్లాట్ ఆటను తొలగించారు. ప్లాటినం ఐరోపా ప్రతిలో యంత్రాలు వరుసగా కనిపిస్తాయి, కాని ఆడనివ్వవు.

ఈ తేడాలకు సామాజిక నేపథ్యం ఉంది. దక్షిణ కొరియాలో ‘సముద్ర కథ’ అనే అర్థమిచ్చే పేరుగల జూదయంత్రాల వ్యవహారం 2006లో పెద్ద కుంభకోణమై, ఆటల వర్గీకరణకు అదే ఏడాది ప్రత్యేక మండలి ఏర్పడింది. ఐరోపాలో 2003 నుంచి అమలులో ఉన్న పెగి వర్గీకరణ విధానం జూదపు అనుకరణ పట్ల క్రమంగా కఠినమై, 2020లో జూదాన్ని నేర్పే లేదా ప్రోత్సహించే కొత్త ఆటలను 18 ఏళ్లు నిండినవారికే పరిమితం చేసే స్థితికి వచ్చింది. పిల్లల కోసం ఉద్దేశించిన ఆటకు అలాంటి ముద్ర పడితే అమ్మకం కష్టమని వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి వేల్‌స్టోన్ గదికి కనీసం మూడు పాఠాలున్నాయి: ఆడించే యంత్రం, మార్చిన యంత్రం, ఆడని యంత్రం. మూడింటిని పక్కపక్కన పెడితే 2006 నుంచి 2009 వరకు వివిధ సమాజాలు బాల్యానికి, జూదానికి మధ్య గీత ఎక్కడ గీశాయో తెలుస్తుంది. ఆటలోని ఒక చిన్న గది చరిత్ర పత్రంగా మారే సందర్భమిది. ముఖ్యంగా ఐరోపా ప్లాటినంలో వరుసగా నిలిచి ఉండీ పనిచేయని యంత్రాలు, తొలగింపును దాచకుండా తామే చెప్పుకొంటాయి.

2021 రీమేక్‌లో ఆ స్థలంలో దుస్తుల అంగడి ఉంది. ఏ ప్రాంతంవారికైనా, ఏ భాషలో ఆడినా అంతే.

5. మూడు రీమేక్‌లు, మూడు పరిష్కరణ పద్ధతులు

ఇదే పరంపరలోని ఇతర రీమేక్‌లతో పోల్చినప్పుడు 2021 నాటి నిర్ణయం స్వభావం తెలుస్తుంది. 1999 నాటి గోల్డ్, సిల్వర్ ఆటలకు రీమేక్‌లైన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ జపాన్‌లో 2009 సెప్టెంబర్‌లో, ఇతర ప్రాంతాల్లో 2010లో వచ్చాయి. జపాన్ ప్రతిలో స్లాట్ యంత్రాలు కొనసాగాయి. మిగతా ప్రతుల్లో వాటి స్థానంలో ‘వోల్టార్బ్ ఫ్లిప్’ అనే కొత్త ఆట ప్రవేశించింది. అంకెల సూచనలు చూసి, తర్కించి పలకలు తిప్పే ఆట అది. అక్కడ నాణేలు కొనడం కుదరదు, ఆడి సంపాదించాలి. ఇది పాఠభేదాన్ని అంగీకరించే పద్ధతి. మరో చూపుతో చూస్తే నిషేధం వల్ల సృజన జరిగిన సందర్భం కూడా. ఆ పలకల ఆట జపాన్ ఆటగాళ్లకు దక్కలేదు. కోత పడిన ప్రతిలోనే అదనపు సంపద ఏర్పడిందన్నమాట.

2002 నాటి రూబీ, సఫైర్ ఆటలకు 2014 నవంబర్‌లో వచ్చిన ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ మరో దారి పట్టాయి. మావిల్ నగరపు గేమ్ కార్నర్ అక్కడ మూతపడిన స్థలంగా కనిపిస్తుంది. ఆట లేదు, కాని ఒకప్పుడు ఉండేదన్న సంగతి తెలుస్తుంది. గ్రంథపాతం ఉన్నచోట చుక్కలు పెట్టి ముద్రించిన పరిష్కర్త పద్ధతికి ఇది సన్నిహితం.

2021 నాటి పద్ధతి మూడోది. చుక్కలు లేవు, పాఠాంతరం లేదు. తొలగించినచోట కొత్త వాక్యం రాసి, వరుస కలిపి, అక్కడ మరేదో ఉండేదన్న అనుమానమైనా రాకుండా చేయడం. దుస్తుల అంగడి స్వతహాగా దోషం కాదు. అది ఎవరి స్థానంలో నిలిచిందో పాఠం చెప్పకపోవడమే దోషం.

ఆంధ్ర మహాభారతంలో అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన నన్నయ శైలికి ఎంత సన్నిహితంగా సాగినా, నన్నయ ఆగినచోటు, ఎఱ్ఱన అందుకొన్నచోటు తెలుగు పాఠకునికి తెలుసు. అతుకు తెలియడం వల్ల పూరణ విలువ తగ్గలేదు, పూరించినవాని ప్రతిభ వెల్లడైంది. రీమేక్‌లో లోపించినది ఈ అతుకు స్పృహే.

6. మూలం ఏది?

రీమేక్ ఎంచుకొన్న మూలప్రతి కూడా చర్చనీయమే. ప్లాటినం ఆటలో గిరాటినా అనే జీవికి చెందిన వికృతలోకం, కథాంతానంతరం పోటీలకు ఉద్దేశించిన విస్తృత యుద్ధక్షేత్రం ఉన్నాయి. రీమేక్ ప్లాటినాన్ని కాక డైమండ్, పర్ల్ పాఠాలనే అనుసరించడంతో ఇవి రెండూ రాలేదు. పాఠపరిష్కరణలో ఇది పాత వివాదమే: రచయిత తొలి పాఠం ప్రామాణికమా, అతడే సంస్కరించిన తుది పాఠమా? దేనికైనా సమర్థన ఉండవచ్చు. కాని తొలి పాఠమే ప్రమాణమైతే నాణేల గది ఉండాలి. తుది పాఠమే ప్రమాణమైతే వికృతలోకం ఉండాలి. రీమేక్ ఏ ఒక్క సూత్రానికీ కట్టుబడలేదు. విశ్వసనీయత అన్నది ఇక్కడ ఎంపిక చేసిన విశ్వసనీయత మాత్రమే.

దీనికి తోడు భౌతికప్రతి సమస్య ఉంది. విడుదలకు ముందే సిద్ధమైన 1.1.0 నవీకరణతో ఆరంభ దృశ్యం, రామనాస్ పార్క్ అనే ప్రదేశం వంటివి చేరాయి. పాత ఆటలోని పాల్ పార్క్ స్థానంలో వచ్చినదే ఆ ప్రదేశం. అంటే అంగట్లో కొన్న ప్రతి ఒక్కటే చేతిలో ఉంటే, ఆట ఆరంభ దృశ్యం కూడా దొరకదు. మూల ఆటల్లో కానుకలు పంపిన డీఎస్ అంతర్జాల సేవ 2014 మే 20న ఆగిపోయింది. స్విచ్ సేవలు ఎప్పటికైనా ఆగకతప్పదు. ఆనాడు పరిశోధకుని చేతిలో మిగిలే ప్రతి ఏ దశ పాఠమో ముందే నమోదు చేసి ఉంచకపోతే, తర్వాత తేల్చడం దుస్సాధ్యం.

7. ఒక అభ్యంతరం, సమాధానం

పిల్లల ఆట నుంచి జూదాన్ని తొలగించడం మంచిదే కదా, అందులో విచారించవలసినదేమిటి అనే ప్రశ్న సహజం. తొలగింపు నైతికంగా సరైనదే కావచ్చు, దానిని తిరిగి ప్రవేశపెట్టాలని ఈ వ్యాసం వాదించడం లేదు. తొలగించడం వేరు, తొలగించిన జాడను తుడవడం వేరు. మూతపడిన గదిని చూపిన 2014 రీమేక్ కూడా పిల్లలచేత జూదం ఆడించలేదు, అయినా చరిత్రను దాచలేదు. నైతికతకూ స్మృతికీ మధ్య ఒకదానినే ఎంచుకోవలసిన అగత్యం లేదని ఆ ఉదాహరణ నిరూపిస్తోంది.

వాణిజ్య వస్తువు నుంచి పండిత పరిష్కరణను ఆశించడం అత్యాశ అనే వాదన మరొకటి. ఆటలో అధోజ్ఞాపికలు ఉండాలని ఎవరూ కోరరు. అయితే మూలప్రతులు అంగడిలో లేనప్పుడు, రీమేకే మూలమై నిలుస్తున్నప్పుడు, ఏది మార్చామో చెప్పే చిన్న పట్టిక భారం కాబోదు. ప్రస్తుతం ఆ పని దత్తాంశాన్ని తవ్వి, ప్రతులు పోల్చి, పట్టికలు కూర్చే ఔత్సాహికులు చేస్తున్నారు. జీతమూ బిరుదూ లేని పాఠపరిష్కర్తలు వీరు. వీరి శ్రమను అభిమానుల కాలక్షేపంగా తీసివేయడం విశ్వవిద్యాలయాలకు తగదు. పలు ప్రతులు చూడటం, భేదాలు నమోదు చేయడం, మూలాన్ని ఊహించడం అనే మూడు పనులూ వారు చేస్తున్నవే. శిక్షణ పొందిన పరిశోధకులు దానికి కాలక్రమం, సామాజిక కారణం, విలువ నిర్ణయం చేర్చగలరు.

8. ముగింపు

వేణువు, నాణేల గది ఒకే రీమేక్‌లో వ్యతిరేక దిశల్లో ప్రయాణించాయి. ఎవరూ ఆడని భాగం వెలుగులోకి వచ్చింది, లక్షలమంది ఆడిన గది కనుమరుగైంది. మొదటిది మరో ఆట అమ్మకానికి తోడ్పడింది, రెండోది అన్ని దేశాల వర్గీకరణ మండళ్లకూ సమ్మతమైన ఒకే ప్రతిని సాధ్యం చేసింది. రెంటిలోనూ పాఠనిర్ణయం చేసినది అంగడి అవసరమే.

దీని ఫలితాన్ని పాఠకుల వైపు నుంచి చూడాలి. 2008లో కొరియన్ ప్రతి ఆడిన బాలుడు, 2006లో జపాన్ ప్రతి ఆడిన బాలిక, 2009లో ఐరోపా ప్లాటినంలో ఆడని యంత్రాల ముందు నిలిచిన మరొకరు ఒకే ఊరిని మూడు విధాలుగా ఎరుగుదురు. ఈనాటి ప్రతిలో ఆ ముగ్గురి జ్ఞాపకాలలో ఏ ఒక్కదానికీ ఆధారం దొరకదు. ఏకపాఠం అందరికీ సమానంగా అందుతుంది, అందరి నుంచీ సమానంగా కొంత తీసుకొంటుంది. కనుక ఆటలపై పరిశోధన చేసేవారు ఆట పేరుతోపాటు ప్రాంతం, భాష, నవీకరణ సంఖ్య, ఆడిన తేదీ పేర్కొనడం ప్రాథమిక నియమంగా స్వీకరించాలి. ఏ ప్రతి చదివారో చెప్పకుండా కావ్యంపై తీర్పు చెప్పడాన్ని తెలుగు పరిశోధన అంగీకరించదు. ఆట విషయంలోనూ అదే ప్రమాణం వర్తించాలి.